ఆస్ట్రేలియా అంటే ఒపెరా హౌస్ ఒక్కటేనా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఆస్ట్రేలియా యాత్ర గురించి రెండు పేజీలు వేశారు. సిడ్నీ, ఒపెరా హౌస్, హార్బర్ బ్రిడ్జి, గోల్డ్ కోస్ట్. చూడాల్సినవే, కాదనను. కానీ పిల్లల దగ్గరికి వచ్చి నెలల తరబడి ఉండే మాలాంటి తల్లిదండ్రులకు అవన్నీ పదిహేను రోజుల్లో అయిపోతాయండీ. ఆ తర్వాత మనవల్ని స్కూల్లో దింపడం, మళ్లీ తీసుకురావడం, మధ్యలో కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తూ కూర్చోవడం. మా కోసం కూడా రాయమని అడగడానికే ఈ ఉత్తరం.

ఈస్టర్ సెలవులకు మెల్‌బోర్న్‌లో ఉండే మా అమ్మాయి మమ్మల్ని వెంట్‌వర్త్ అనే ఊరికి తీసుకెళ్లింది. మెల్‌బోర్న్ నుంచి దాదాపు 570 కిలోమీటర్లు. మిల్డ్యూరా దాకా వెళ్లి, ముర్రే నది దాటి పక్క రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌లోకి అడుగుపెట్టాక ఇంకో అరగంట. ఉన్నదల్లా వెయ్యి పైచిలుకు జనం. ఇంత దూరం వచ్చి ఇక్కడ ఏం చూస్తాం అని కారు దిగేటప్పుడు అనుకున్న మాట నిజం.

ఊరి అంచున పార్కులో ఒక టవర్ ఉంది. ఎక్కి చూస్తే ఎదురుగా సంగమం. 1,472 కిలోమీటర్లు నడిచొచ్చిన డార్లింగ్ నది ముర్రేలో కలిసేది అక్కడే. డార్లింగ్ బంకమట్టి కలిసి పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది, ముర్రేదేమో ఆకుపచ్చ రంగు, కలిసిన చోట రెండూ వెంటనే కలిసిపోవు, మధ్యలో గీత గీసినట్టు కాస్త దూరం పక్కపక్కనే వెళ్తాయి. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి నాకు. ఆ నేల అసలు వారసులైన బార్కంజి ప్రజలు డార్లింగ్‌ని బాకా అంటారట, వాళ్ల పేరే ఆ నది పేరు మీద వచ్చింది. ఆ నదికి వచ్చిన కష్టం కూడా చెప్పాలి. ఎగువన మెనిండీ అనే ఊరి దగ్గర 2018-19 వేసవిలో ఒకసారి, 2023 మార్చిలో మరోసారి లక్షల కొద్దీ చేపలు చచ్చి తేలాయి. డార్లింగ్‌లో నీళ్లు పారని రోజుల్లో ఈ రెండు రంగులూ కనపడవు. అందుకని వెళ్లేముందు నదిలో నీళ్లున్నాయో లేదో కనుక్కుని వెళ్లడం మంచిది.

అక్కడికి దగ్గరలోనే పదో నంబర్ లాక్ ఉంది, పడవల్ని ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే గేట్లన్నమాట. ఒకప్పుడు ఈ ఊరు పెద్ద రేవు. లోపలి ఊళ్ల ఉన్ని అంతా ఆవిరి పడవల మీద ఇక్కడికే వచ్చేది. 1907లో కట్టిన రూబీ అనే ఆవిరి పడవను బాగుచేసి ఊళ్లో ఉంచారు. 1879-81 మధ్య కట్టిన పాత జైలు కూడా ఉంది. లోపలికి వెళ్లి గదులు చూడొచ్చు గానీ, నేను రెండు నిమిషాల్లో బయటికి వచ్చేశాను. గాలాడదు.

మా ఆయన మాత్రం ఇంకోచోట ఆగిపోయారు. 1956లో రెండు నదులూ ఒకేసారి పొంగి ఊరి చుట్టూ నీళ్లు చేరితే, జనం తమ ఫెర్గూసన్ ట్రాక్టర్లు తెచ్చి, రాత్రీపగలూ మట్టి తోసి, కట్టలు పోసి ఊరిని కాపాడుకున్నారు. ఆ చిన్న బూడిదరంగు ట్రాక్టర్‌కి ఊళ్లో స్మారకం కట్టారు! నలభై ఏళ్లు ట్రాక్టర్ తోలిన మనిషి ఆయన. దాని ముందు నిలబడి, కట్ట తెగేటప్పుడు మట్టి ఎక్కడ వేయాలో, ఎక్కడ వేస్తే బండి దిగబడుతుందో మనవడికి చెప్పడం మొదలుపెట్టారు. వాడు ఫోన్ జేబులో పెట్టుకుని విన్నాడు. ఆస్ట్రేలియా వచ్చిన నాలుగు నెలల్లో తాతామనవలు అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

సాయంత్రం పెర్రీ ఇసుక దిబ్బలకి వెళ్లాం, ఊరికి ఐదారు కిలోమీటర్లు. ఎర్రటి ఇసుక, పొద్దు వాలేకొద్దీ ఇంకా ఎరుపెక్కుతుంది. ఓపిక ఉంటే మరుసటి రోజు ముంగో నేషనల్ పార్కుకి వెళ్లొచ్చు. అక్కడ ఎండిపోయిన ఒక సరస్సు ఉంది, దాని ఒడ్డునే 1968లో, 1974లో దాదాపు 40 వేల ఏళ్ల నాటి మనుషుల అవశేషాలు దొరికాయి. 1981 నుంచి ఆ ప్రాంతం ప్రపంచ వారసత్వ స్థలం. వాన పడితే మాత్రం అక్కడి మట్టిరోడ్లు మూసేస్తారు. సరస్సు ఒడ్డున గోడల్లా నిలిచిన ఇసుక దిబ్బల దగ్గరికి గైడ్‌తోనే వెళ్లాలి.

మీరు రాసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు కూడా వేయండి. చిన్న ఊళ్లలో మధ్యాహ్నం రెండు దాటితే హోటళ్లలో వంటగది మూసేస్తారు, మేం బిస్కెట్లతో సరిపెట్టుకున్నాం. చీకటి పడ్డాక కారు తీయకండి, కంగారూలు రోడ్డు మీదికి దూకుతాయి. నీళ్లు ప్రశాంతంగా ఉన్నాయని పిల్లల్ని నదిలోకి దింపకండి, అడుగున పడిపోయిన చెట్ల మొద్దులుంటాయి. జనవరి, ఫిబ్రవరిల్లో అసలు వద్దు, ఆ ఎండ మన వయసు వాళ్లు తట్టుకోలేరు.

ముర్రే పొడవునా ఇలాంటి ఊళ్లు ఎన్నో ఉన్నాయి. ఎచూకా అయితే మెల్‌బోర్న్‌కి మూడు గంటల లోపే, అక్కడ 1866 నాటి అడిలైడ్ అనే చెక్క ఆవిరి పడవ ఇంకా నీళ్ల మీద తిరుగుతోంది. ఇంకా కిందికి వెళ్తే రెన్‌మార్క్, మ్యానమ్. స్కూళ్లకి మళ్లీ సెలవులు వచ్చేలోపు వీటి మీద ఒక పేజీ వేయండి. మా అమ్మాయికి చూపించి ఎచూకాకి తీసుకెళ్లమని అడుగుతాను.

— ఒక పాఠకురాలు, ప్రస్తుతం మెల్‌బోర్న్