బిల్లు ఆలస్యం: లోపం కంప్యూటరుది కాదు, కోడుది

సంపాదక మహాశయులకు,

దసరా మొదలుకొని పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దాకా విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల బట్టల దుకాణాల్లో బిల్లు కౌంటరు ముందు జనం బారులు తీరడం ఏటా చూస్తున్నదే. బిల్లు ఆలస్యమైతే దుకాణదారు మొదట కంప్యూటరును, తరువాత ఇంటర్నెట్టును అనుమానిస్తారు. సాఫ్ట్‌వేర్ అమ్మినవారు కూడా ర్యామ్ పెంచుకోమనో, కొత్త సిస్టమ్ కొనుక్కోమనో సలహా ఇచ్చి చేతులు దులుపుకుంటారు. అటువంటి సాఫ్ట్‌వేర్ రాసి, బాగుచేసే వృత్తిలో ఉన్నవాడిగా, చాలా సందర్భాలలో ఆ ఖర్చు వృథా అనీ, ఆలస్యానికి మూలం మెటాడేటాను, అంటే డేటాకు సంబంధించిన నియమాలను, కోడు వెతికే తీరులో ఉందనీ మీ పత్రిక ద్వారా తెలియజేయదలచాను.

చొక్కా ధర 1,800 రూపాయలు అన్నది డేటా. ఆ ధర గడిని ఖాళీగా వదలకూడదని, పైసలు రెండంకెలకు మించకూడదని, రాయితీ ఇచ్చే అధికారం ఎవరికి ఉందో, ఏ హెచ్‌ఎస్‌ఎన్ కోడుకు (పన్ను కోసం సరుకుల రకాన్ని సూచించే సంఖ్య) ఏ పన్ను రేటు వర్తిస్తుందో చెప్పే వివరాలు మెటాడేటా. ఏ దుకాణానికి కావలసినట్టు ఆ దుకాణానికి మార్చుకునే వీలుండాలి కనుక ఈ నియమాలను కోడులో కాక డేటాబేసులో ఉంచుతారు. ఆ ఏర్పాటు మంచిదే. అయితే బిల్లులోని ప్రతి వరుసకూ అవే నియమాలను మళ్లీ మళ్లీ డేటాబేసును అడిగేలా కోడు రాయడంతో వస్తోంది తంటా.

ఒక టోకు బిల్లులో 50 వరుసలు ఉన్నాయనుకుందాం. వరుసకు ఆరు నియమాల చొప్పున అడిగితే మొత్తం 300 ప్రశ్నలు అవుతాయి. డేటాబేసు అదే గదిలో ఉండి ఒక్కో ప్రశ్నకు ఒక మిల్లీసెకను పడితే, అంతా కలిపి అర సెకను కూడా కాదు కాబట్టి ఎవరూ గమనించరు. అదే డేటాబేసు ముంబయిలోని సర్వరు మీద ఉండి, ఒక్కో ప్రశ్నకు రానూపోనూ 30 మిల్లీసెకన్లు పడితే తొమ్మిది సెకన్లు గడిచిపోతాయి. రాసినవారి ఆఫీసులో పరుగులు పెట్టిన ప్రోగ్రాము మా ఊరి కౌంటరు మీద చతికిలబడేది ఇందుకే.

పైగా ఆలస్యంగా జవాబు వచ్చిన ప్రశ్నలను డేటాబేసు నమోదు చేసే నెమ్మది ప్రశ్నల చిట్టాలో ఈ లోపం కనబడదు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసులో ఆ చిట్టాను ఆన్ చేసినా, గడువు మార్చకుండా వదిలేస్తే 10 సెకన్లు దాటిన ప్రశ్నలు మాత్రమే అందులోకి ఎక్కుతాయి. విడివిడిగా చూస్తే 300 ప్రశ్నల్లో ప్రతి ఒక్కటీ చురుకైనదే మరి! అందువల్ల ఒక బిల్లు సేవ్ అయ్యేలోగా డేటాబేసుకు మొత్తం ఎన్ని ప్రశ్నలు వెళ్లాయన్నది ముందు లెక్కపెట్టాలి. ఏ ప్రశ్న ఎన్నిసార్లు నడిచిందో చూపే అనుబంధం పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేసుతో పాటే వస్తుంది.

కారణం తెలిశాక సరిచేయడం పెద్ద పని కాదు. బిల్లు తెరిచినప్పుడే కావలసిన నియమాలన్నీ ఒకటి రెండు ప్రశ్నలతో తెచ్చుకుని, పేరు చెప్పగానే దొరికే విధంగా మెమరీలో డిక్షనరీ రూపంలో ఉంచుకోవాలి. లిస్టులో పెట్టి ప్రతిసారీ మొదటి నుంచి చివరి దాకా వెతికిస్తే సగం ఫలితమే దక్కుతుంది. ఫలానా గడికి ప్రత్యేక నియమం ఏదీ లేదన్న జవాబును కూడా దాచుకోవాలి. లేకుంటే ఆ లేనిదాని కోసమే ప్రతి వరుసలోనూ ప్రోగ్రాము డేటాబేసు దాకా వెళ్లి వస్తూ ఉంటుంది. నేను చూసిన కోడులో తరచుగా వదిలేసే జాగ్రత్త ఇదే.

అయితే దాచుకున్నది పాతబడకుండా చూసుకోవడం అసలు కష్టం. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు ఇది స్పష్టంగా తెలిసివచ్చింది. అంతవరకు 1,000 రూపాయలు దాటిన రెడీమేడ్ దుస్తులకు 12 శాతం పన్ను ఉండగా, ఆ రోజు నుంచి 2,500 రూపాయల వరకు 5 శాతం, అది దాటితే 18 శాతం అయింది. అదే రోజు నవరాత్రులు మొదలు కావడంతో కౌంటర్ల మీద రద్దీ కూడా తోడైంది. ముందురోజు తెరిచి మూయకుండా వదిలేసిన ప్రోగ్రాము మెమరీలో పాత రేటే ఉంటే, 1,800 రూపాయల చొక్కాకు మరునాడు కూడా 12 శాతమే వేస్తుంది. అందుకని నియమాల పట్టికకు ఒక వెర్షన్ సంఖ్య పెట్టి, పట్టికలో ఏది మారినా ఆ సంఖ్య పెరిగేట్టు చేసి, ప్రతి బిల్లు ముందూ ఆ ఒక్క సంఖ్యను మాత్రం డేటాబేసులో సరిచూసుకోవాలి. 300 ప్రశ్నల స్థానంలో ఒక్క ప్రశ్న ఎవరికీ భారం కాదు. అలాగని పాత రేటును చెరిపివేయడమూ కుదరదు. 20వ తేదీన అమ్మిన చొక్కా 25న వాపసు వస్తే, క్రెడిట్ నోటు (వాపసు సరుకు విలువను తగ్గిస్తూ ఇచ్చే పత్రం) పాత 12 శాతంతోనే రాయాలి కనుక, రేటును హెచ్‌ఎస్‌ఎన్ కోడుతో పాటు తేదీని కూడా కలిపి వెతకాలి. రాయితీ అధికారాల వంటివి వాడే మనిషిని బట్టి మారతాయి కాబట్టి, యజమాని లాగిన్‌తో తెచ్చుకున్న నియమాలు గుమాస్తాకు వర్తించకుండా వాటిని విడివిడిగా దాచాలి.

కొత్త కంప్యూటరుకు డబ్బు కట్టేముందు దుకాణదారులు తమ సాఫ్ట్‌వేర్ అమ్మకందారును ఒక్క మాట అడగాలని నా మనవి. 50 వరుసల బిల్లు సేవ్ చేస్తే డేటాబేసుకు ఎన్ని ప్రశ్నలు వెళ్తున్నాయి? దీనికి అంకెతో జవాబు చెప్పలేనివారు ర్యామ్ గురించి ఇచ్చే సలహాను నమ్మనక్కరలేదు. ఇక జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలల అధ్యాపకులకు మరొక విన్నపం. విద్యార్థులు తమ ప్రాజెక్టులను ఒకే ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రామును, డేటాబేసును కలిపి నడిపి చూపిస్తే మార్కులు వేయకుండా, రెండింటి మధ్య 30 మిల్లీసెకన్ల ఆలస్యం కల్పించి మళ్లీ నడిపించమని కోరుతున్నాను. అందుకు కావలసిన నెటెమ్ అనే సాధనం లినక్స్‌లో ఉచితంగానే దొరుకుతుంది.

భవదీయుడు,
ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి,
విజయనగరం.