జేబు కుట్టుల్లో ప్రయాణించే గడ్డిగింజలు

సంపాదకులకు నమస్కారం.

ధ్రువ ప్రాంతాల గురించి వచ్చే వార్తలు దాదాపు అన్నీ కరుగుతున్న మంచు చుట్టూనే తిరుగుతాయి. ఆ మంచు తొలగిన నేల మీద బతికే జీవాల గురించి, వాటి మీదికి మనుషులే మోసుకెళ్తున్న పరాయి జాతుల గురించి రాసేవారు తక్కువ కావడం నన్ను బాధిస్తోంది.

అంటార్కిటికాలో మంచు కప్పని నేల ఒక శాతం కూడా లేదు. అక్కడ సహజంగా పూలు పూసే మొక్కలు రెండే రెండు. మిగిలినవి నాచులు, లైకెన్లు (శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవాలు), కంటికి ఆనీ ఆనని పురుగులు. చలిని ఓర్చుకోవడానికే శక్తినంతా వెచ్చిస్తూ నెమ్మదిగా పెరిగే ఈ జీవాలు, వేగంగా వ్యాపించే కొత్త జాతితో పోటీపడలేవు.

అంటార్కిటికా ప్రాంతంలోని సిగ్నీ దీవిలో జరిగిందే చూడండి. 1960లలో మొక్కలు నాటే ప్రయోగం కోసం దక్షిణ అట్లాంటిక్‌లోని దక్షిణ జార్జియా దీవి నుంచి తెచ్చిన వాటితో పాటు, దోమ జాతికి దగ్గరి, రెక్కల్లేని ఒక చిన్న కీటకం అక్కడికి చేరింది. ఇందులో అన్నీ ఆడవే, మగవాటి అవసరం లేకుండానే గుడ్లు పెడతాయి, కాబట్టి ఒక్కటి బతికినా సంతతి నిలుస్తుంది. కుళ్లిన నాచును తినే దీని లార్వాల వల్ల అవి ఉన్న చోట మట్టిలో నైట్రేట్ మూడు నుంచి ఐదు రెట్లు పెరిగినట్టు పరిశోధకులు గుర్తించారు. నిస్సారమైన నేలకు అలవాటుపడిన మొక్కల మధ్య ఇలా ఎరువు చల్లినట్టయితే, రేపు వచ్చే కలుపుకు దారి సుగమమైనట్టేనని నా భయం. అంటార్కిటికాకే చెందిన కింగ్ జార్జ్ దీవిలో ఒక పరిశోధన కేంద్రం దగ్గర 1985-86లో కనిపించిన పరాయి గడ్డి ఇప్పటికే అక్కడ వేళ్లూనుకుంది.

2007-08 వేసవిలో అంటార్కిటికా వెళ్లేవారి దుస్తులను, సంచులను, బూట్లను వాక్యూమ్ క్లీనర్‌తో శుభ్రం చేసి చూస్తే, విత్తనాలు మోసుకొచ్చినవారి దగ్గర మనిషికి సగటున 9.5 విత్తనాలు దొరికాయి. తలకు లెక్కేస్తే పర్యాటకుల కన్నా శాస్త్రవేత్తల దగ్గరే ఎక్కువ ఉన్నాయి. ఆర్కిటిక్‌లోనూ ఇదే తీరు: 2008లో నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులకు చేరిన 259 మంది ప్రయాణికుల పాదరక్షల నుంచి 1,019 విత్తనాలు తీశారు, వాటిలో 26 జాతులు అక్కడి వాతావరణంలాంటి పరిస్థితుల్లో మొలకెత్తాయి.

అంటార్కిటికా పర్యావరణ రక్షణ కోసం దేశాలు 1991లో కుదుర్చుకున్న మాడ్రిడ్ ఒడంబడిక, అనుమతి లేకుండా పరాయి జీవులను అంటార్కిటికాకు తేవడాన్ని నిషేధించింది. 1994 నాటికి స్లెడ్జి కుక్కలను సైతం పంపించేశారు. కానీ కుక్కను ఆపిన నియమం జేబు కుట్టులో ఇరుక్కున్న గడ్డిగింజను ఆపలేకపోతోంది. దక్షిణ జార్జియాలో ఏళ్ల తరబడి హెలికాప్టర్లతో విషపు ఎర చల్లి ఎలుకలను తొలగించి, 2018లో ఆ దీవిని ఎలుకలు లేనిదిగా ప్రకటించగలిగారు. మట్టిలో దాగిన కీటకానికి, విత్తనానికి అలాంటి విరుగుడు లేదు.

కాబట్టి ఓడ అయినా విమానమైనా, పర్యాటకుడైనా శాస్త్రవేత్త అయినా, బయలుదేరే ముందే బూట్లను, వెల్క్రో పట్టీలను, జేబులను, సరుకు పెట్టెలను శుభ్రం చేసి తనిఖీ చేయించుకోవడాన్ని అన్ని దేశాలూ తప్పనిసరి చేయాలి. కేంద్రాల చుట్టూ మొలిచిన పరాయి మొక్కను విత్తనం కట్టకముందే పీకేయాలి.

— ఒక పాఠకుడు