ముందు నీ రెండో సర్వ్ సంగతి చూద్దాం

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. టెన్నిస్‌లో నీ ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్, సర్వ్ అన్నీ ఈ నెలలోనే మార్చేస్తానని, పనిలో పనిగా కొత్త రాకెట్ కూడా కొంటానని రాశావు. వద్దురా. ఒక్కటి పట్టుకో, అది కుదిరాక రెండోది. మూడూ ఒకేసారి మారిస్తే, బంతి నెట్‌కు తగిలినప్పుడు తప్పు ఎందులో ఉందో ఎలా తెలుస్తుంది?

నువ్వు రాసినదాన్ని బట్టి మొదట మార్చాల్సింది రెండో సర్వ్. మొదటిది బాదుతున్నావు, అది తప్పితే రెండోది మెల్లగా నెట్టేస్తున్నావు. ఎదుటివాడు రెండడుగులు ముందుకొచ్చి దాని పని పడుతున్నాడు. నీకు ధైర్యం చాలడం లేదనుకుంటున్నావు గానీ లోపం పట్టులో ఉంది. ఫోర్‌హ్యాండ్ పట్టుతో సర్వ్ చేస్తే రాకెట్ ముఖం పళ్లెంలా ఆకాశం వైపు తెరుచుకుంటుంది. ఆ పట్టుతో స్పిన్ సరిగా రాదు. స్పిన్ లేని బంతిని గట్టిగా కొడితే నెట్ అవతలి సర్వీస్ బాక్సులో దిగదు. అది తెలిసిన చెయ్యి తనంతట తనే వేగం తగ్గించేసుకుంటుంది.

కాబట్టి కాంటినెంటల్ గ్రిప్‌కు మారు. హ్యాండిల్‌కు ఎనిమిది పలకలుంటాయి కదా. రాకెట్ అంచు నేలకేసి ఉండేలా నిలబెడితే పైన ఉండేది ఒకటో పలక. దాని కుడిపక్క ఏటవాలుగా ఉండేది రెండోది. నీది కుడిచెయ్యి వాటం గనక, చూపుడువేలు మొదట్లో ఉండే కణుపు ఆ రెండో పలక మీద ఆనాలి. సుత్తితో మేకు కొట్టేటప్పుడు పట్టుకున్నట్టే ఉంటుంది. మరీ బిగించకు. బిగిస్తే మణికట్టు కదలదు.

మొదట్లో బంతులన్నీ ఎడమపక్కకు పోతాయి, కంగారుపడకు. రాకెట్ అంచు బంతి మీదికి వెళ్తోంది, కానీ చివరి క్షణంలో ముంజేయి బయటివైపు తిరగడం లేదు, అంతే. తిరిగితే, కొట్టిన వెంటనే అరచెయ్యి కుడిపక్కకు చూస్తుంది, బొటనవేలు కిందికి దిగుతుంది. ఇది అలవాటయ్యేదాకా కోర్టు చివరి గీత, అదే బేస్‌లైన్, దగ్గరికి వెళ్లనే వద్దు. నెట్‌కు 6.4 మీటర్ల దూరంలో ఉండే సర్వీస్ లైన్ మీద నిలబడు. రాకెట్‌ను వీపు వెనక ఉంచి అక్కణ్నుంచే మొదలుపెట్టి, సగం ఊపుతో కొట్టు. పదింటిలో ఏడు పడితే రెండడుగులు వెనక్కి జరుగు. పడకపోతే అక్కడే ఉండు. రోజుకు 60 సర్వ్‌లు చాలు. భుజం అలిసిపోయాక చేసే సాధనలో పాత తప్పే గట్టిపడుతుంది.

బంతి వెనకభాగాన్ని గడియారం అనుకో. రాకెట్ 8 వైపు నుంచి 2 వైపుకు రాసుకుంటూ పోవాలి. నెట్ మధ్యలో ఎత్తు 91.4 సెంటీమీటర్లే. రెండో సర్వ్ దానికి మీటరు పైనుంచి వెళ్లనీ, స్పిన్నే దాన్ని కిందికి దించుతుంది. ఊపు మాత్రం తగ్గించకు. ఊపు తగ్గితే స్పిన్ పోతుంది, స్పిన్ పోతే బంతి గీత దాటి పొడుగెళ్తుంది.

సగం తప్పులు టాస్‌లోనే, అంటే సర్వ్‌కు బంతిని పైకి ఎగరేయడంలోనే ఉంటాయి. బంతిని వేళ్ల కొసలతో పట్టుకుని, మోచెయ్యి వంచకుండా, కళ్ల ఎత్తుకు వచ్చాక వదులు. కొట్టకుండా కింద పడనిచ్చి చూడు. బేస్‌లైన్‌కు ఓ అడుగు లోపల, ముందుకాలికి దరిదాపుల్లో పడాలి. వరసగా పది అక్కడే పడేదాకా ఇంట్లో కూడా చేసుకోవచ్చు. టాస్ తల వెనక్కి పోతే బంతి పొడుగెళ్తుంది, మరీ ముందుకు పోతే నెట్‌లో పడుతుంది.

ఇక అసలు కష్టం. మొదటి కొన్ని వారాలు పాత సర్వ్ కంటే ఇదే ఘోరంగా ఉంటుంది. చాలామంది సరిగ్గా అక్కడే వెనక్కి పోతారు. ఓ మ్యాచ్‌లో 4-5 గేమ్‌లతో వెనకబడి ఉన్నప్పుడు చెయ్యి గుట్టుచప్పుడు కాకుండా పాత పట్టుకు జారిపోతుంది. అందుకే రెండో పలక మీద మార్కర్‌తో గీత గీసుకో, ప్రతి సర్వ్ ముందూ చూసుకో. టెన్నిస్ తార సబలెంకా 2022లో 400కు పైగా డబుల్ ఫాల్ట్‌లు చేసింది, అంటే రెండు సర్వ్‌లూ తప్పి పాయింట్ పోగొట్టుకుంది. అదే ఏడాది బయోమెకానిక్స్ నిపుణుడితో కూర్చుని సర్వ్‌ను సరిదిద్దుకుంది, 2023 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. ఒకప్పటి ఛాంపియన్ సంప్రాస్ పద్నాలుగేళ్ల ప్రాయంలో రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ వదిలి ఒంటిచేతికి మారాడు. ఏడు వింబుల్డన్‌లు ఆ ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్‌తోనే గెలిచాడు.

ఈ వారాల్లో పాయింట్లు లెక్కపెట్టే ఆటలు తగ్గించు. ఆడక తప్పకపోతే ఒకే సర్వ్ నియమంతో ఆడండి, మొదటిది తప్పితే పాయింట్ పోయినట్టే. కొత్త సర్వ్‌ను ఇంతకంటే బాగా పరీక్షించే పద్ధతి నాకు కనబడలేదు.

వారానికోసారి ఫోన్‌ను బేస్‌లైన్ వెనక నడుం ఎత్తులో పెట్టి స్లోమోషన్‌లో తీసుకో. చూసేటప్పుడు ఒక్కటే చూడు, అది ముంజేయి తిరిగిందా లేదా అని. కాళ్లు, నడుం తర్వాత.

రాకెట్ మాటకొస్తే, ఫెదరర్ 2014లో 90 చదరపు అంగుళాల తల ఉన్న రాకెట్ నుంచి 97కు మారాడు, నిజమే. కానీ అతని స్ట్రోకులు అప్పటికే స్థిరపడి ఉన్నాయి. నీవి ఇప్పుడే మారుతున్నాయి. ఈ రెండు నెలలూ పాత రాకెట్టే, పాత టెన్షనే (తీగల బిగువు) ఉంచు. ఆ తర్వాత బంతులు పొట్టిగా పడుతుంటే టెన్షన్ రెండు పౌండ్లు తగ్గించి చూడు.

స్ప్లిట్ స్టెప్ గురించి అడిగావు. ఎదుటివాడు రాకెట్‌ను ముందుకు తెచ్చేటప్పుడు చిన్నగా ఎగిరి, వాడు బంతిని తాకిన వెంటనే నేల మీద దిగు. ఇప్పటికి ఇది తెలిస్తే చాలు, సాధన మాత్రం సర్వ్ కుదిరాకే.

మొదటి వీడియో ఆదివారానికల్లా పంపు. వెనకనుంచి తీసింది ఒకటి, పక్కనుంచి తీసింది ఒకటి.

నీ,
రఘు