మార్క్స్‌ను సొంతంగా చదివేవారికి పదకోశం కావాలి

సంపాదకులకు నమస్కారం.

పార్టీ తరగతులకు గానీ అధ్యయన బృందాలకు గానీ వెళ్లే వీలు లేక, ఇంట్లోనే కమ్యూనిస్టు సిద్ధాంతం చదువుకునేవారిలో నేనూ ఒకణ్ణి. ఆరేళ్లుగా ఇలా చదువుతూ నేను పడిన ఒక ఇబ్బందిని మీ పత్రిక ద్వారా ప్రచురణకర్తల, అనువాదకుల దృష్టికి తీసుకురాదలచాను.

డిగ్రీలో అర్థశాస్త్రం తెలుగు మాధ్యమంలో చదివాను. అక్కడ కాపిటల్ అంటే మూలధనం, ఇన్వెస్ట్‌మెంట్ అంటే పెట్టుబడి. మార్క్స్ తెలుగు అనువాదాలు తెరిస్తే మూలధనం ఎక్కడా కనిపించదు, అంతటా పెట్టుబడే. వ్యాపారి గల్లాపెట్టెలోంచి తీసి పెట్టే డబ్బు గురించి చెబుతున్నారనుకుని నలభై పేజీలు చదివి, ఏమీ బోధపడక పక్కన పెట్టేశాను. పనిచేయించుకునేవాడికీ పనిచేసేవాడికీ మధ్య ఉన్న సంబంధాన్ని మార్క్స్ ఆ మాటతో సూచిస్తున్నాడని తెలియడానికి నాకు ఏడాది పట్టింది. 'రాజ్యం' సంగతీ అంతే. ఆ మాట వినగానే మనకు కోట, సింహాసనం గుర్తొస్తాయి. లెనిన్ 1917లో 'రాజ్యం–విప్లవం' రాసింది సైన్యం, పోలీసు, జైలు, అధికారగణం కలిసిన యంత్రాంగం గురించి. ఈ ఒక్క వివరణ పుస్తకం మొదట్లో ఉంటే ఎంత మేలు!

మాటల దగ్గర ఇంత పట్టింపు దేనికని ఎవరైనా అడగవచ్చు. మార్క్స్ 1847లో బ్రస్సెల్స్‌లోని జర్మన్ కార్మికులకు చేసిన ప్రసంగాలు 1849లో పత్రికలో వ్యాసాలుగా వచ్చాయి. 'వేతన శ్రమ–పెట్టుబడి' అనే చిన్న పుస్తకం అదే. 1891లో కార్మికుల కోసం దాన్ని మళ్లీ అచ్చువేసినప్పుడు, కార్మికుడు 'శ్రమ'ను అమ్ముకుంటాడని ఉన్నచోట 'శ్రమశక్తి'ని అమ్ముకుంటాడని మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ సవరించి, ఎందుకు సవరించాడో ముందుమాటలో వివరంగా రాశాడు. అమ్మింది శ్రమే అయితే, దాని విలువ పూర్తిగా ముట్టాక యజమానికి లాభం ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు జవాబు దొరకదు. అమ్మింది పనిచేసే శక్తి అయితే, ఆ శక్తిని నిలబెట్టుకోవడానికి అయ్యే ఖర్చు కూలిగా ముడుతుంది, అదే శక్తి అంతకంటే ఎక్కువ విలువను తయారుచేస్తుంది, ఆ తేడాయే అదనపు విలువ.

మా నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు వెయ్యి బీడీలకు ఇంత అని కూలి లెక్కగడతారు. మా అమ్మ ముప్పై ఏళ్లు ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించింది. ఎన్ని చుడితే అన్నింటికీ డబ్బు వచ్చిందనే ఆమె చివరిదాకా నమ్మింది. లెక్క అలా కట్టడంలోనే అదనపు విలువ కంటికి కనిపించకుండా పోతుందని, మార్క్స్ ప్రధాన గ్రంథం 'కాపిటల్'లో ముక్క లెక్కన ఇచ్చే కూలి గురించిన అధ్యాయం చదివిన రాత్రి నాకు తెలిసింది. శ్రమకూ శ్రమశక్తికీ తేడా తెలియకుండా ఆ అధ్యాయం చదివి ఉంటే నాకు అందులో ఏమీ కనిపించేది కాదు.

కొత్తవారు ఎక్కడ మొదలుపెట్టాలన్నదీ ఎవరో ఒకరు చెప్పాల్సిన విషయమే. 'కాపిటల్' మొదటి సంపుటంలో తొలి అధ్యాయమే అన్నింటికంటే కష్టమని 1867 నాటి ముందుమాటలో మార్క్సే ఒప్పుకున్నాడు. అదే ఏడాది నవంబరులో మిత్రుడు కుగెల్‌మన్‌కు రాసిన ఉత్తరంలో, ఆయన భార్య ముందుగా చదవదగినవిగా పనిదినం, సహకారం, శ్రమ విభజన, యంత్రాలు, ఆదిమ సంచయనం (పెట్టుబడి మొదట్లో పోగుపడిన తీరు) గురించిన భాగాలను సూచించాడు. మొదటి పేజీ నుంచి వరుసగా వెళ్లాలనుకుని మధ్యలో వదిలేసినవారు నాకు తెలిసినవారిలోనే ఐదారుగురు ఉన్నారు. రంగనాయకమ్మ గారి 'కాపిటల్' పరిచయం నాలాంటివారిని చాలామందిని గట్టెక్కించింది. అయినా మూలం అనువాదాన్నే చదవాలనుకునేవారికి ఆ పుస్తకంలోనే దారి చూపే పేజీలు ఉండాలి.

కాబట్టి విశాలాంధ్ర, ప్రజాశక్తి, నవతెలంగాణ వంటి ప్రచురణ సంస్థలకు నా విన్నపం ఇది. ఇకపై అచ్చువేసే ప్రతి సైద్ధాంతిక గ్రంథం చివర పదకోశం చేర్చాలి. ఒక పదానికి పాఠ్యపుస్తకాల్లో వేరే మాట వాడుకలో ఉంటే దాన్నీ పక్కన ఇవ్వాలి. అనువాదం ఏ భాష నుంచి జరిగిందో కూడా రాయాలి. సంస్థలన్నీ కూర్చుని పదాలను ఒక్కటిగా స్థిరపరచుకోగలిగితే మరీ మంచిది. అందాకా మీ ఆదివారం సంచికలో వారానికొక పదాన్ని పది వాక్యాల్లో వివరించే చిన్న శీర్షిక నడపవలసిందిగా కోరుతున్నాను. మొదటి వారానికి 'పెట్టుబడి'ని తీసుకోండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, నిజామాబాద్ జిల్లా