అత్తయ్యకి ఏ కాయిల్స్ వేయించాలంటే

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. అత్తయ్య తలలో 7 మిల్లీమీటర్ల అన్యూరిజం, అంటే రక్తనాళం గోడ బుడగలా ఉబ్బిన చోటు, ఉందని తెలిసిన దగ్గర్నుంచి మీ ఇంట్లో ఎంత టెన్షన్‌గా ఉందో నాకు తెలుసు. చిట్లకముందే బయటపడింది, అదే పదివేలు. ఫోన్‌లో హడావుడిగా చెప్పే సంగతి కాదని తీరిగ్గా రాస్తున్నా. ఆ ఉబ్బుని పూడ్చడానికి లోపల పెట్టే తీగచుట్టలు, అదే కాయిల్స్, మామూలు ప్లాటినంవా, కోటింగ్ ఉన్నవా అని అడిగావు, డబ్బుకి వెనకాడనన్నావు. ముందు అది ఏ కోటింగో డాక్టర్ గారిని కనుక్కో. అసలు తేడా అంతా అక్కడే ఉంది.

రక్తనాళాల్లోకి సన్న గొట్టాలు పంపి చికిత్స చేసే క్యాథ్‌ల్యాబ్‌లో నేను రోజూ చూసే పనే ఇది. వెంట్రుకంత ప్లాటినం తీగని స్ప్రింగులా చుడతారు. ఆ స్ప్రింగు మందమే పావు మిల్లీమీటరు ఉంటుందేమో. తొడ దగ్గర్నుంచి పంపిన సన్న గొట్టం కొస దాటిందంటే చాలు, దానంతటదే మెలికలు తిరుగుతూ ఆ ఉబ్బులో సర్దుకుంటుంది. సరిగ్గా కూర్చోలేదనిపిస్తే డాక్టర్ వెనక్కి లాగి మళ్ళీ పెడతారు. కుదిరిందనుకున్నాకే విడగొడతారు. 1990లో కాలిఫోర్నియాలో గూగ్లియెల్మి అనే ఇటలీ డాక్టర్ ఈ పద్ధతిని రోగుల మీద మొదలుపెట్టారు. చిన్న కరెంటు పంపితే అతుకు కరిగి కాయిల్ విడిపోయేలా చేశారాయన.

చిక్కెక్కడంటే, ఎంత కూరినా లోహం పట్టేది ఆ ఉబ్బులో పావు వంతు, మహా అయితే మూడో వంతు. మిగతాదంతా గడ్డకట్టిన రక్తమే. ఏళ్ళ తరబడి రక్తం తోస్తుంటే కాయిల్స్ అణిగిపోయి, ఉబ్బు మెడ దగ్గర, అంటే అది రక్తనాళానికి కలిసే మూతి దగ్గర, మళ్ళీ తెరుచుకోవచ్చు. సుమారు ఐదుగురిలో ఒకరికి ఎంతో కొంత అలా జరుగుతుంది, పదిమందిలో ఒకరికి మళ్ళీ చికిత్స చేయాల్సి వస్తుంది. కోటింగులు వచ్చింది ఇందుకే.

మొదటి రకం కోటింగ్, కరిగిపోయే కుట్లకి వాడే పదార్థంతో చేసింది. అది కరుగుతూ లోపల గాయం మానినట్టు కండ కట్టిస్తుందని ఆశపడ్డారు. మ్యాట్రిక్స్ కాయిల్స్ అలాంటివే. మ్యాప్స్ అనే పరీక్షలో 626 మందిని చూస్తే, ఏడాదికి తిరగబెట్టింది వీటితో 13.3 శాతం, ఉత్త ప్లాటినంతో 14.6 శాతం. అది తేడా కిందికి రాదు. సెరిసైట్ కాయిల్స్ మీద చేసిన పరీక్షలోనూ ఇదే తేలింది. ఈ రకానికి ఒక్క రూపాయి ఎక్కువ పెట్టమని నేను చెప్పను.

రెండోది జెల్ రకం, దీని సంగతి వేరు. ప్లాటినంకి పట్టించిన జెల్ రక్తం తగలగానే నానిన సగ్గుబియ్యంలా ఉబ్బి ఖాళీలు నింపుతుంది. మొదట్లో వచ్చినవాటితో డాక్టర్లకి చాలా కష్టమయ్యేది. బిరుసుగా ఉండేవి, పైగా ఐదు నిమిషాల్లోపు సర్దేయాలి, ఆలస్యమైతే ఉబ్బిపోయి గొట్టంలోకి వెనక్కి రావు. ఇప్పటివి మెత్తగా ఉంటాయి, నెమ్మదిగా ఉబ్బుతాయి. వీటిని ఫ్రాన్స్, జర్మనీల్లో 4 నుంచి 12 మిల్లీమీటర్ల అన్యూరిజంల మీద పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు. ఏడాదిన్నరకి చెడు ఫలితం జెల్‌తో సుమారు 20 శాతం, ఉత్త ప్లాటినంతో 28 శాతం పైన. అత్తయ్యది సరిగ్గా ఆ సైజే. అందుకే జెల్ కాయిల్స్ గురించి తప్పకుండా అడగమంటున్నా.

కానీ ఒకటి గుర్తుపెట్టుకో. ఆ లాభం ఎక్కువగా స్కానులో, అంటే తిరగబెట్టకుండా ఉండటంలో కనబడింది. మనిషి కోలుకోవడంలో పెద్ద తేడా లేదు. పెద్ద అన్యూరిజంలకీ, ఒకసారి తిరగబెట్టినవాటికీ చేసిన మరో పరీక్షలో జెల్ కాయిల్స్ అసలు గెలవలేదు. కాబట్టి ఉత్త ప్లాటినమే సరిపోతుందని డాక్టర్ గారంటే బెంగపడకు, అత్తయ్యకి ఏదో తక్కువ చేశామనీ అనుకోకు. ఆయన ఇలాంటి కేసులు ఎన్ని చేశారు, ఉబ్బు మెడ వెడల్పా ఇరుకా, స్టెంట్ కూడా కావాలా, స్టెంట్ వేస్తే రక్తం పలచబడే మాత్రలు ఎన్నాళ్ళు వాడాలి అన్నవి నా దృష్టిలో కోటింగ్ కంటే ముఖ్యం. మొహమాటపడకుండా అడుగు.

ఏ కాయిల్ వేసినా తర్వాతి స్కాన్లు మాత్రం మానొద్దు. బాగానే ఉన్నాను కదా, ఎందుకురా అని అత్తయ్య మొండికేస్తుంది, వినకు. బీపీ మాత్రలు ఇప్పట్నుంచే దగ్గరుండి వేయించు. యాంజియో సీడీ కాపీ ఒకటి నాకు కొరియర్ చెయ్యి, మా సార్‌కి చూపించి ఆయన ఏమంటారో ఆ రాత్రే ఫోన్ చేస్తా.

నీ
బావ