రికార్డుల్లో చిటపట తగ్గించిన అందరికీ కృతజ్ఞతలు

రికార్డును ద్రవంతో కడిగి ఆ ద్రవాన్ని గొట్టంతో పీల్చేసే వాక్యూమ్ మెషీన్‌లో కడిగిన ఎల్పీలు (వినైల్ ప్లాస్టిక్ రికార్డులు) కూడా ఎందుకు చిటపటలాడుతున్నాయని అడిగితే ఇంత ఓపికగా జవాబులిచ్చిన ప్రతి ఒక్కరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టు చేశాక పాటకీ పాటకీ మధ్య ఖాళీలో ఇప్పుడు రణగొణ లేదు. ఇదే ఇబ్బంది పడుతున్నవాళ్లకు పనికొస్తుందని మీ సలహాలను ఒకచోట చేర్చి పెడుతున్నాం.

అన్నిటికంటే విలువైన మాట ఇది: మెషీన్ ఉన్నది రికార్డును ఆరబెట్టడానికి కాదు, మురికి కలిసిన ద్రవాన్ని ఆరిపోకముందే బయటికి లాగేయడానికి. ద్రవం రికార్డు గాడిలోనే (ముల్లు నడిచే సన్నటి కాలువలో) ఆరిపోతే నీళ్లు మాత్రమే ఆవిరవుతాయి, కరిగిన మురికీ సబ్బుదనమూ గాడి అడుగున పేరుకుపోతాయి. కడిగాక చప్పుడు పెరగడానికి చాలాసార్లు ఇదే కారణం. గాడి పైభాగం వెడల్పే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. అందులో మిగిలిన కొద్దిపాటి పొర కూడా ముల్లుకు తగులుతుంది.

ద్రవం పాళ్లు చెప్పినవారికి ప్రత్యేక ధన్యవాదాలు. లీటరుకు 800 మి.లీ. డిస్టిల్డ్ వాటర్, 200 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఫోటో ఫిల్మ్ కడిగేటప్పుడు వాడే వెట్టింగ్ ఏజెంట్ నాలుగైదు చుక్కలు. ఆ చుక్కలు లేకపోతే నీళ్లు వినైల్ మీద ముత్యాల్లా నిలబడతాయి తప్ప గాడిలోకి దిగవు. ఎక్కువైతే నురగ వస్తుంది, అదే మళ్లీ పొరగా మిగులుతుంది. కుళాయి నీళ్లలోని ఖనిజాలు తెల్లటి పూతలా గాడిలో నిలిచిపోతాయి కాబట్టి వాటి జోలికి పోకూడదు. ఆల్కహాల్‌కు నిప్పంటుకునే గుణం ఉంది, ఆ ఆవిరి మోటారు గుండానే పోతుంది. అందుకే ఈ పాళ్లు పెంచవద్దని చేసిన హెచ్చరిక అందరూ గుర్తుంచుకోవాలి. షెల్లాక్‌తో (లక్కతో) చేసిన పాత 78 ఆర్పీఎం రికార్డుల మీద ఆల్కహాల్ ఒక్క చుక్క కూడా పడకూడదు, అది షెల్లాక్‌ను కరిగించేస్తుంది. లాకర్ అనే వార్నిష్ లాంటి పూత ఉన్న డిస్కులకూ అంతే.

పద్ధతి విషయానికొస్తే, పన్నెండు అంగుళాల రికార్డుకు ఒక్కో వైపు 4–5 మి.లీ. ద్రవం సరిపోతుంది. లేబుల్‌కు తగలకుండా పోసి, బ్రష్‌ను గాడుల వెంట సవ్యంగా కొన్ని చుట్లు, అపసవ్యంగా కొన్ని చుట్లు తిప్పాలి. అడ్డంగా రుద్దకూడదు. జిడ్డు రికార్డయితే ఒకటి రెండు నిమిషాలు నాననివ్వాలి, ఆరిపోయేలా ఉంటే ఇంకొంచెం పోయాలి. పీల్చడం ఒకటి రెండు చుట్లు చాలు. అంతకు మించితే ఆరిన వినైల్ మీద పీల్చే గొట్టం అంచుకున్న వెల్వెట్ పట్టీలు రాసుకుని స్టాటిక్ (స్థిర విద్యుత్తు) పుడుతుంది, గాలిలోని దుమ్మంతా వచ్చి అతుక్కుంటుంది. మా రికార్డుల్లో వినిపించిన చిటపటలో సగం దీనివల్లేనని కనిపెట్టి చెప్పినవారికి ఎంతో రుణపడి ఉన్నాం. గొట్టాన్ని మోటారు నడుస్తుండగానే పైకెత్తాలన్నది మరో మంచి సూచన. ముందే ఆపేస్తే లోపలి ద్రవం వెనక్కి జారి, ఎత్తిన చోట ఒక గీత మిగులుతుంది.

ఆ తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో రెండోసారి కడిగి పీల్చాలి. దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ, కానీ పెద్ద తేడా కనిపించేది ఇక్కడే. దీనికి వేరే బ్రష్, వేరే గొట్టం ఉండాలి. మొదటిసారి వాడిన వెల్వెట్ పట్టీలకు అంటిన మురికి, కడిగిన రికార్డుకే తిరిగి అంటుతుంది. వేరే గొట్టం లేకపోతే కనీసం పట్టీలనైనా మధ్యలో మెత్తటి బ్రష్‌తో తుడవాలి. పని మొదలుపెట్టే ముందు పట్టీలను కొంచెం తడిపితే రికార్డు పట్టేసి ఆగిపోకుండా తిరుగుతుంది. మొదటి వైపు కడిగి తిప్పి వేసేముందు ప్లాటర్‌ను (రికార్డు పెట్టే తిరుగుడు పళ్లేన్ని) కూడా తుడవాలి, లేకపోతే శుభ్రమైన వైపు మళ్లీ దుమ్ము మీదే పడుకుంటుంది.

పీల్చే జోరు తగ్గితే మోటారును అనుమానించే ముందు పీల్చిన ద్రవం చేరే ట్యాంకు నిండిందా, పట్టీలు అణిగిపోయాయా, రికార్డు వంకర తిరిగి గొట్టానికీ దానికీ మధ్య సందు వచ్చిందా అని చూడమన్నారు. చక్కటి వరుస. మోటారుకు మధ్యమధ్యలో విరామం ఇవ్వాలి, వరసగా నడిస్తే వేడెక్కుతుంది.

కడిగిన రికార్డును పాత కాగితపు కవర్లో పెట్టొద్దని, కొత్త యాంటీస్టాటిక్ కవర్ వాడమని చెప్పినవారికీ, మొదటిసారి వాయించాక ముల్లు కొన చూడమన్నవారికీ కూడా కృతజ్ఞతలు. ముల్లుకు బూడిదరంగు పోగు అంటితే ఆ రికార్డును ఇంకోసారి కడగాల్సిందే. రెండోసారి కడిగాక కూడా ఒకేచోట, ఒకేలా టక్కుమంటుంటే అది మురికి కాదు, గీత. అలాంటివాటిని పక్కన పెట్టేశాం.