కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఆన్‌లైన్‌లో మర్యాదగా మాట్లాడుకోవాలనే మన సంఘం ఎందుకు పుట్టిందో మీకు వేరే చెప్పక్కర్లేదు. సరాసరి పనుల్లోకి వస్తాను.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోదగ్గది మాటల వర్క్‌షాపే. మన వాట్సాప్ గ్రూపులో మనమే రాసుకున్న 20 ఘాటు వాక్యాలను పేర్లు తీసేసి, చీటీలుగా అచ్చువేసి పంచాం. అభ్యంతరం ఉండాలి, అవమానం పోవాలి, అదీ నియమం. "చదవడం వచ్చా?" అన్న చీటీ "ఆ వివరం రెండో పేరాలో ఉందండీ" అయింది. "బుర్ర ఉండే మాట్లాడుతున్నారా?" అన్నది "ఈ లెక్క ఎలా వచ్చిందో నాకు అందలేదు" అయింది. రెండోది నేను రాసిందే. పైకి చదువుతుంటే చెవులు వేడెక్కాయి.

1995లో వచ్చిన ఇంటర్నెట్ మర్యాదల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1855, కోపంలో రాసిన జవాబును ఒక రాత్రి ఆగి పంపమంటుంది. ఇంగ్లిషులో అన్నీ పెద్ద అక్షరాలే వాడితే అరిచినట్టేనంటుంది. మనకు పెద్ద అక్షరాలు లేవు. "మీరు" నుంచి "నువ్వు"లోకి దిగితే చాలు, అరిచినట్టే. అయితే "తమరు మహా మేధావులు కదా" అన్నది అంతకన్నా లోతుగా కోస్తుందని ఒక చిన్న వయసు సభ్యురాలు ఎత్తిచూపారు. నిజమే, ఆ చీటీని ఎవరూ బాగుచేయలేకపోయారు. వెటకారం తీసేస్తే కాగితం ఖాళీ.

ఒక సభ్యుడి అబ్బాయికి వినపడదు. "చెవిటివాడి ముందు శంఖం" అన్న సామెత గ్రూపులో పడిన రోజే ఆయన ఏమీ అనకుండా బయటికి వెళ్లిపోయారు. కారణం మాకు నెలల తర్వాత గానీ తెలియలేదు. రాసినవారు స్వయంగా ఇంటికెళ్లి మాట్లాడారు. వర్క్‌షాపుకు ఆ సభ్యుడు తన అబ్బాయిని కూడా వెంటబెట్టుకొచ్చారు.

ఇక, గ్రూపు చూసుకుంటామని పేర్లిచ్చింది తొమ్మిదిమంది, పనిచేసింది ఇద్దరు. రాత్రి పదకొండింటికి గొడవ మొదలైతే మిగతా ఏడుగురూ పలకరు, నీలం టిక్కులు మాత్రం పడతాయి. పంపిన మెసేజ్‌ను దిద్దుకోవడానికి వాట్సాప్ ఇచ్చేది 15 నిమిషాలే. ఆలోగా "కాస్త మార్చి రాయండి" అని విడిగా చెప్పే మనిషి ఉండాలి కదా! ఇక వర్క్‌షాపుకు హాలు కోసం సంబంధిత అధికారికి మూడు ఉత్తరాలు రాశాం, జవాబు లేదు. మూడూ మర్యాదగానే రాశామని మనవి.

హాలు దొరక్కపోతే తమ మేడ మీద చోటిచ్చిన ఉపాధ్యక్షులకు, చీటీలు అచ్చువేసిచ్చిన సభ్యులకు, కుర్చీలు మోసిన పిల్లలకు, గ్రూపు చూసుకున్న ఆ ఇద్దరికీ కృతజ్ఞతలు.

జమాఖర్చుల పట్టిక జతచేశాం, ఆడిటర్ గారు సంతకం చేశారు. సందేహాలుంటే కోశాధికారిని అడగండి, మెల్లిగా.

వచ్చే ఏడాది గ్రూపు బాధ్యతకు పేర్లిచ్చేవారు రాత్రిపూట ఫోన్ చూసేవారైతేనే ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి